గ్లాసులో పోస్తే కూర్చుంటాడు

ఒంటరిగా తాగడం జబ్బుకి గుర్తని మా చెల్లెలు ఫోన్లో చెప్పింది. ఎక్కడో చదివిందట. "పదిమందిలో కూర్చుని తాగితే సరదా అనుకోవచ్చక్కా. ఒక్కతే తలుపేసుకుని తాగుతోందంటే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే," అంది, నేను అప్పటికే మంచం పట్టినట్టు గొంతు తగ్గించి.

నాకు జాలి గిట్టదు. "పొద్దున్నే నువ్వొక్కదానివే కాఫీ తాగుతావు కదా, దానికేం పేరు పెట్టారు? మీ ఆయన బాత్రూంలో ఒక్కడే పాడతాడు, అదేం జబ్బు? స్నేహితుల్ని పోగేసుకుని తాగి, వచ్చేటప్పుడు బండి డివైడర్‌కి గుద్దేవాడు ఆరోగ్యవంతుడూ, ఇంట్లో కూర్చుని తాగి, గ్లాసు కడిగి బోర్లించి పడుకునే నేను రోగిష్టిదాన్నీనా?" అన్నాను. అది ఫోన్ పెట్టేసింది. గెలిచాననుకున్నాను. నేను గెలిచిన వాదనలు చాలావరకు ఇలా అవతలివాళ్ళు లేచిపోవడం వల్ల గెలిచినవే.

ఆ వాదన ఇప్పటికీ సరైనదేనంటాను. కాకపోతే అది నాకు వర్తించదు. ఆ రోజుల్లో నేను ఒంటరిగా తాగడం లేదు.

*

విమానాశ్రయం తెరిచిన ఏడాది మేమిద్దరం తొండుపల్లిలో ఒక ఇంటి పైవాటాలో అద్దెకి దిగాం. మా ఆయనకి అక్కడి కార్గోలో ఉద్యోగం. నేను మైలార్‌దేవ్‌పల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేదాన్ని. పిల్లలు లేరు. మా వైపువాళ్ళు చాలామంది కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉండేవారు. "ఆ అడవిలో ఎలా ఉంటున్నారమ్మా?" అని అడిగేవారు. నిశ్శబ్దంగా ఉంటుందని చెప్పేదాన్ని, నెత్తిమీద నుంచి విమానం పోతుంటే.

మాది ఆ సందులో చివరి ఇల్లు. వెనక కొంత బీడు, ఆ తరవాత విమానాశ్రయం గోడ, దాని మీద ముళ్ళతీగ. విమానం లేచినప్పుడల్లా అద్దాల బీరువాలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. పగటిపూట ఒక్కోసారి విమానం నీడ కిటికీలోంచి లోపలికి వచ్చి, మంచం మీదుగా గోడ ఎక్కి, పైకప్పులోకి పోయేది. మొదట్లో ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. తరవాత తరవాత ఆ నీడ వచ్చినప్పుడు నేను తల వంచడం మొదలుపెట్టాను. ఎందుకో తెలీదు.

శనివారం సాయంత్రాలు మా ఇంట్లో ఒక ఏర్పాటు ఉండేది. హాల్లో కిటికీ పక్కన ఎదురుబొదురుగా రెండు పేము కుర్చీలు, మధ్యన టీపాయ్. ఆయన విస్కీని సీసా మూతతో కొలిచి రెండు గ్లాసుల్లోనూ సమానంగా పోసేవాడు. తరవాత వాదన. సబ్జెక్టు ఏదైనా సరే. ఉరిశిక్ష ఉండాలా వద్దా, పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా, తెలంగాణ ఇవ్వాలా వద్దా. నేను చెప్పినంతసేపూ వినేవాడు. తరవాత రెండుసార్లు గొంతు సవరించుకుని, "అక్కడే పప్పులో కాలేశావ్," అనేవాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండేది. ఆ మంట కోసమే వారమంతా ఎదురుచూసేదాన్నని అప్పట్లో అనుకోలేదు.

రెండేళ్ళకి ఆయన పోయాడు. డ్యూటీలో, కుర్చీలో కూర్చుని ఉండగానే. బూడిద కృష్ణలో కలిపి వచ్చాం. చుట్టాలు వెళ్ళిపోయాక వచ్చిన మొదటి శనివారం, కుర్చీ చూసి, సీసా చూసి, ఒక మూత పోసుకున్నాను. కొన్నాళ్ళకి బుధవారం కూడా పోసుకున్నాను. ఆ తరవాత నాకు ప్రతిరోజూ శనివారమే.

సీసా నేనే కొనుక్కునేదాన్ని. శంషాబాద్‌లో బస్సు దిగి, హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని వైన్ షాపు కౌంటర్ దగ్గరికి నడిచేదాన్ని. మగవాళ్ళు శవం వస్తున్నట్టు పక్కకి తప్పుకునేవారు. ఒకాయన ఒకసారి "ఎవరికమ్మా?" అన్నాడు. "మీ ఆవిడకి," అన్నాను.

*

కింది వాటాలో ఇంటి ఓనరమ్మ ఉండేది. నాకంటే ఓ పదేళ్ళు పెద్దది, భర్త పోయినావిడ. వాళ్ళ పొలం విమానాశ్రయం గోడ లోపలికి పోయింది. వచ్చిన డబ్బుతో కట్టిన ఇల్లే మేం ఉన్నది. సాయంత్రం కాగానే ముందరి మెట్ల మీద కూర్చునేది. పక్కిళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు చేరేవారు. కల్లు వచ్చేది. తాగేముందు ఒక్కొక్కరూ వేళ్ళు ముంచి రెండు చుక్కలు నేల మీద చల్లేవారు. ఆ తరవాతే నోటి దగ్గర పెట్టుకునేవారు.

ఒకనాడు నేను కాలేజీ నుంచి వస్తుంటే ఆపింది.

"ఏంది టీచరమ్మా, మీద ఒక్కదానివే కూసోని ఏం జేస్తవ్? జర మా తాన కూసోరాదు. ఇన్ని తాగు."

"కల్లు వాసన నాకు పడదక్కా."

"అబ్బో! నీ సీసల మల్లెపూల వాసనొస్తదా?" అంది. మిగతావాళ్ళు పకపకా నవ్వారు. నేను బిత్తరపోయాను. "నాకెట్ల ఎరుక అనుకుంటున్నవా? చెత్తబండికి నువ్విచ్చే సంచి గలగల మంటది గద."

"అయితే ఏమంటారు? మీరు రోజూ తాగట్లేదా?"

"తాగుత. నలుగురిల తాగుత. మందు ఒక్కరే తాగొద్దు, టీచరమ్మా. తాగినవు పో, ముందుగాల రెండు చుక్కలు భూమికి ఇడువు. పోయినోళ్ళది పోయినోళ్ళకిస్తే, ఇగ నీ దాంట్లకు రారు."

"చచ్చిపోయినవాళ్ళకి మందెందుకక్కా?"

"బతికున్నోళ్ళకెందుకు?" అంది.

జవాబు లేకుండా మెట్లెక్కడం నాకు అలవాటు లేదు. పైకి వెళ్ళేసరికి కరెంటు పోయి ఉంది. ఆ ఏడాది సాయంత్రాలు కోత ఎక్కువ. ఎమర్జెన్సీ లైటు వెలిగించి, సీసా తీసి, ఆవిడ మాట గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. సరే, పోయినవాళ్ళది పోయినవాళ్ళకే ఇద్దాం అనుకున్నాను. కానీ ఎక్కడ పోస్తాను? నాది మేడ మీది పాలరాతి నేల. జిగట అంటుకుంటుంది, చీమలు బారులు తీరతాయి, పొద్దున్నే తుడవాల్సింది నేనే. అందుకని అద్దాల బీరువా తెరిచి ఆయన గ్లాసు తీశాను. ఒక మూత కొలిచి పోసి, ఎదుటి కుర్చీ ముందు పెట్టాను.

"ఇదిగోండి మీ వాటా. ఇక నా దాంట్లోకి రాకండి," అన్నాను.

వెటకారానికే అన్నాను. పెద్దగానే అన్నాను.

పొద్దున చూస్తే ఆ గ్లాసు ఖాళీగా ఉంది. కిటికీ తెరిచి పడుకున్నాను, ఆవిరైపోయి ఉంటుందనుకున్నాను. విస్కీ ఒక రాత్రిలో ఎంత ఆవిరవుతుందో నాకేం తెలుసు, నేను ఆర్ట్స్ చదివినదాన్ని. మర్నాడూ పోశాను. మర్నాడూ ఖాళీ. గ్లాసులు తీసేటప్పుడు సింకులో ఒంపేసి ఉంటాను, గుర్తులేదంతే అని సర్దిచెప్పుకున్నాను. మూడో రోజు నుంచి సర్దిచెప్పుకోవడం కూడా మానేశాను. సాయంత్రం కాగానే రెండు గ్లాసులు వాటంతటవే టీపాయ్ మీదికి వచ్చేవి.

వాదనలు కూడా మళ్ళీ మొదలయ్యాయి. కాలేజీలో ప్రిన్సిపాల్‌తో జరిగినవీ, ఉద్యమం గురించి స్టాఫ్‌రూంలో జరిగినవీ, చెల్లెలితో జరిగినవీ ఎదుటి కుర్చీకి చెప్పేదాన్ని. ఆయనైతే ఏమనేవాడో నాకు తెలుసు. నా బుర్రలోనే వినిపించేది. పెళ్ళయి పాతికేళ్ళు దాటిన ఏ ఆడదానికైనా వినిపిస్తుందనుకున్నాను.

అప్పుడప్పుడూ చిన్న చిన్న సంగతులు కనిపించేవి. పొద్దున నా కళ్ళజోడు టీపాయ్‌కి అవతలి వైపు దొరికేది. నేను పేపర్‌ని ఎలా పడితే అలా పడేస్తాను. అది నాలుగు మడతలు పడి కుర్చీ చేతి మీద ఉండేది, ఆయన మడిచే పద్ధతిలో. ఎదుటి కుర్చీలో దిండు మధ్యలో గుంట పడి ఉండేది. నేను చేత్తో తట్టి లేపేదాన్ని. సాయంత్రానికి నిండుగా, మర్నాటికి గుంటగా. ఇవేవీ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు వివరణ చెబుతారు. నాకు వివరణ వద్దనిపించింది.

*

ఒక ఆదివారం పొద్దున ఓనరమ్మ పైకి వచ్చింది. ఎప్పుడూ రాదు. గుమ్మంలోనే నిలబడింది.

"మీ ఇంటికి ఎవరొస్తుండ్రు టీచరమ్మా?"

"ఎవరూ రావట్లేదే."

"మా చిన్నబిడ్డ పురుడుకొస్తుంది. నెలలు నిండినయి. పురిటిమంచం మీద ఆడివిల్ల ఉంటది, పసిగుడ్డు ఉంటది. మీదికెల్లి పొద్దుగూకంగ మొగాయన గొంతు ఇనవడుతుంది. ఎవరో నాకు చెప్పు."

"టీవీ అయి ఉంటుందక్కా."

"కరెంటు లేనప్పుడు టీవీ ఎట్ల నడుస్తది?"

నాకు కోపం వచ్చింది. "నా ఇంటికి ఎవరు వస్తే మీకెందుకు? అద్దె కడుతున్నాను. మగాడు వచ్చినా, మహారాజు వచ్చినా నా ఇష్టం."

"మొగాయన వస్తే నాకేంది పరేషాన్?" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "మెట్లెక్కి వచ్చేటోనికి నేనేమంట? మెట్ల మీద నేనే కూసుంటగద టీచరమ్మా. ఎవ్వరూ ఎక్కుతలేరు."

ఆవిడ నా వెనక కనిపిస్తున్న పేము కుర్చీలకేసి ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది. "పెత్తరమాస దాంక చూస్త. ఆయనన్న పోవాలె, నువ్వన్న పోవాలె. మనసుల ఏం పెట్టుకోకు. నాకు నా బిడ్డ," అని దిగిపోయింది. పెత్తరమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. ఆ రోజు పోయిన పెద్దలకి పెడతారు.

ఇల్లు దొరకదని కాదు నా భయం. ఊళ్ళో 'అద్దెకివ్వబడును' బోర్డులు ఎన్ని లేవు? ఆయన నడిచిన చివరి ఇల్లు ఇది. ఇది వదిలి కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో చేరితే, ఆ కుర్చీ ఒట్టి కుర్చీ అయిపోతుంది. అదీ నా బాధ. దాని వెనకే ఇంకో భయం ఉంది. ఆవిడ విన్నది నిజమైతే, ఆ మాట్లాడేది ఎవరు?

వాదించేదానికి సాక్ష్యం కావాలి. నా ఫోన్లో రికార్డర్ ఉంది. లెక్చర్లు రికార్డు చేస్తానని కొని ఒక్కటీ చెయ్యలేదు. ఆ సాయంత్రం దాన్ని నొక్కి, కిటికీ గట్టు మీద, ఆయన కుర్చీకి దగ్గరగా పూలకుండీ వెనక పెట్టాను. నా మాటలు తప్ప ఏమీ ఉండవని ఆవిడకి వినిపించి, నోరు మూయిద్దామని నా పన్నాగం. రెండు గ్లాసులూ పోశాను. కరెంటు పోయింది. ఏదో మాట్లాడాను, కాసేపు ఊరుకున్నాను, విమానాల దీపాలు గోడ మీద పాకుతుంటే చూశాను. నా జ్ఞాపకంలో ఆ సాయంత్రం మొత్తం నేను నా కుర్చీలోంచి లేవలేదు. ఇది ఎవరితోనైనా ఒట్టేసి చెప్పేదాన్ని.

మర్నాడు బంద్. కాలేజీ లేదు. మధ్యాహ్నం ఎండలో కూర్చుని విన్నాను.

మొదట నా గొంతు, దూరంగా, నా కుర్చీ వైపు నుంచి. "ఆవిడ ఇల్లు ఖాళీ చెయ్యమంటోందండీ. అద్దె ఎగ్గొట్టానా, గొడవ చేశానా? ఎందుకు చెయ్యాలి నేను?"

తరవాత పేము కుర్చీ కిర్రుమన్న చప్పుడు. పాలరాతి మీద పాదాలు, నెమ్మదిగా. మళ్ళీ కిర్రుమని ఇంకో కుర్చీ, ఈసారి ఫోన్‌కి బాగా దగ్గరగా. గొంతు సవరించుకోవడం. రెండుసార్లు.

"అక్కడే పప్పులో కాలేశావ్," అంది ఒక బరువైన గొంతు. "ఆవిడ నిన్ను పొమ్మనలేదు."

పాదాలు. దూరంగా కుర్చీ. నా గొంతు. "మరి?"

పాదాలు. దగ్గరగా కుర్చీ. "నన్ను పొమ్మంది."

పాదాలు. దూరంగా కుర్చీ. "మీరు వెళ్తానంటే నేను ఊరుకుంటానా?"

పాదాలు. దగ్గరగా కుర్చీ. గ్లాసు ఎత్తిన చప్పుడు, గుటక. గ్లాసు టీపాయ్ మీద పెట్టిన చప్పుడు. ఆ తరవాత, కాస్త నవ్వుతూ, "పొయ్యి. ఇంకో మూత," అంది ఆ బరువైన గొంతు.

మీరు అనే గొంతు దూరంగా, నువ్వు అనే గొంతు దగ్గరగా. మధ్యలో అటూ ఇటూ తిరుగుతున్న పాదాలు మాత్రం ఒక్క మనిషివే. మడమ ఈడ్చి నడిచే నా నడకే. ఆ గొంతుకి కూడా అడుగున నా జీరే ఉంది, వినే ధైర్యం ఉంటే.

వింటూ ఉండగానే విమానం నీడ కిటికీలోంచి వచ్చింది. నా మీదుగా వెళ్ళింది. ఎదుటి కుర్చీ మీదుగా వెళ్ళింది. నేను తల వంచలేదు. అప్పుడు కలిగింది భయం కాదు. ముందుగా కలిగింది సంతోషం. ఆయన గొంతు విన్నాను కదా అని, పిచ్చి సంతోషం. వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నాను. ఇంకోసారి. మూతి తుడుచుకుని లేచి, మిట్టమధ్యాహ్నం పూట, రెండు గ్లాసులు తీసుకురావడానికి బీరువా దగ్గరికి వెళ్ళాను. బీరువా అద్దంలో నా మొహం చూసుకున్నాను. ఎడమ కనుబొమ్మ ఎగరేసి ఉంది, వాదనలో ఎదుటివాడి కాలు జారిందని తెలిసినప్పుడు ఆయన ఎగరేసినట్టు. నాకు ఆ అలవాటు లేదు. ఎప్పుడూ లేదు.

అప్పుడు భయం వేసింది.

*

కిందికి దిగి, మెట్ల మీద ఓనరమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఫోన్ వినిపించలేదు. చెప్పడానికే చాలా కష్టమైంది. ఆవిడ నా మొహంలోకి చూడకుండా, బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. గ్లాసు సంగతి వచ్చేసరికి చెయ్యి ఆపింది.

"ఏందీ? గిలాసల పోసినవా?"

"మరి నేల పాడవుతుందని..."

"అయ్యో నా బిడ్డా! చుక్కలు భూమికి ఇడువు అని గద నేను చెప్పింది! గిలాసల పోసి, కుర్సీ ముందర పెట్టి, 'ఇదిగో మీ వాటా' అని కూడ చెప్పినవు. భూమికి పోస్తే ఆయన జాగకు ఆయన పోతడు. గిలాసల పోస్తే కూసుంటడు! మర్యాద జేసినవు గద, ఎందుకు లేస్తడు?"

"ఆయన కాదక్కా. నేనే. నేనే లేచి ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. రెండు గ్లాసులూ నేనే తాగుతున్నాను. గుర్తుండట్లేదు, అంతే. దీనికి పెత్తరమాస అక్కర్లేదు, డాక్టర్ కావాలి."

"దవాఖానకు పో, వద్దన్ననా?" అంది ఆవిడ. "మందు తాగింది నువ్వే. గదంత నాకూ ఎరుకే. మా ఆయన కూడ గట్లనే చచ్చిండు. గానీ లేవమని చెప్పేటిది కూడ నువ్వే. డాక్టరు సాబు చెప్తే ఆయన లేస్తడా?"

అది తప్పు వాదన అని తెలుసు. తప్పు ఎక్కడుందో ఇన్నేళ్ళయినా చూపించలేను.

పెత్తరమాస నాటి సాయంత్రం ఆవిడ నన్ను ఇంటి వెనక బీడులోకి తీసుకెళ్ళింది. వాన కురిసి వెలిసింది. చెప్పులకి బురద. ఆవిడ చేతిలో కల్లు సీసా, విస్తరిలో అన్నం, కూర. నా చేతిలో ఆయన గ్లాసు, అందులో ఒక మూత విస్కీ. విమానాశ్రయం గోడ దగ్గరికి వెళ్ళి, ఒకచోట ఆవిడ ఆగింది. నాకు ఆ చోటుకీ పక్క చోటుకీ తేడా కనపడలేదు.

"గీ గోడకు అవుతల మా అత్త, మామ ఉన్నరు. గక్కడ చింతచెట్టు ఉండె. చెట్టు కింద బొందలు. ఇప్పుడు మీదికెల్లి విమానాలు ఉరుకుతున్నయి. లోపలికి ఎవడు పోనిస్తడు? అందుకే గోడ మొదట్ల పోస్త. వాళ్ళే వచ్చి తీసుకుంటరు," అని, విస్తరి దింపి, కల్లు గోడ వారన పోసింది. పోస్తూ ఏదో మాట్లాడింది. చనిపోయినవాళ్ళతో కాదు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది. పోయినేడాది జరిగిన మనవడి పెళ్ళి గురించి, కూతురి కాన్పు గురించి. జవాబు కోసం ఆగలేదు. చెప్పాల్సింది చెప్పేసి, చేతులు దులుపుకుంది.

అప్పుడు నాకు ఒక తేడా తెలిసింది. నేను ఎన్నడూ జవాబు కోసం ఆగకుండా మాట్లాడలేదు.

"ఇగ నువ్వు."

"ఆయన బొంద ఇక్కడ లేదక్కా. నదిలో కలిపాం."

"భూమి అంతట భూమే. పొయ్యి."

పోయలేకపోయాను. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చీకటి పడుతోంది. గోడ అవతల రన్‌వే దీపాలు వరసగా వెలిగాయి. "పోస్తే మళ్ళీ రాడా?" అని అడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. ఆవిడ ఎప్పుడూ ఎకసెక్కాలాడేది, ఆ పూట మాత్రం ఆడలేదు. నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది, అంతే.

పోశాను.

తడిసిన నేల కదా, వెంటనే ఇంకలేదు. చిన్న మడుగులా నిలిచింది. దాంట్లో విమానం దీపం ఒకటి కదులుతూ కనిపించింది. నేను చూస్తూ ఉండగా, కొంచెం కొంచెంగా కాదు, ఒక్కసారిగా లోపలికి పోయింది. గుటక వేసినట్టు. ఓనరమ్మ నన్ను వెనక్కి తిప్పింది. "చూడకు. చూస్తే మొహమాటపడతరు," అంది.

*

తరవాతి సంగతులు మామూలువే. చెల్లెలు వచ్చింది. నేను రోగిష్టిదాన్నని ఒప్పుకున్నందుకు అది ఎంత సంతోషించిందో చెప్పలేను. సీసా సింకులో ఒంపింది. నాకు ఒళ్ళంతా వణుకు పట్టుకుంటే పక్కన కూర్చుంది. నగరంలో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చిన్నవాడు, మర్యాదస్తుడు.

"ఒంటరిగా తాగేవారా అమ్మా, ఎవరితోనైనానా?" అని అడిగాడు.

నేను చెల్లెలికేసి చూశాను. "ఒంటరిగానేనండీ," అంది చెల్లెలు.

ఎదుటి కుర్చీ తీసేయమని అందరూ చెప్పారు. ఓనరమ్మకి ఇస్తానంటే, "నాకొద్దు తల్లీ, నీ కుర్సీల నేను కూసోను," అని దణ్ణం పెట్టింది. ఆ కుర్చీ అక్కడే ఉండిపోయింది. ఆవిడ నన్ను ఖాళీ చెయ్యమని మళ్ళీ అడగలేదు. కూతురు ఆస్పత్రిలో ప్రసవించి కింది వాటాకి వచ్చింది. మగపిల్లాడు. సాయంత్రమయ్యేసరికి గుక్కపట్టి ఏడ్చేవాడు.

అలాంటి ఒక సాయంత్రం నేను నా కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాను. కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు చార్జింగ్ లేదు. కింద పిల్లాడు ఏడుస్తున్నాడు. ఆ రోజు స్టాఫ్‌రూంలో, రాష్ట్రం విడిపోతే హైదరాబాద్ ఎవరిదన్న దాని మీద నేను పెద్ద వాదన చేసి వచ్చాను. అందులో ఒక పాయింట్ దగ్గర నేను తడబడ్డాను. ఎవరూ పట్టుకోలేదు. నాకు తెలుసు.

కింద పిల్లాడు ఉన్నట్టుండి ఏడుపు ఆపేశాడు.

చీకట్లో, ఎదురుగా, ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండుసార్లు.

నా చేతిలో టీ కప్పు ఉంది. నేను నా కుర్చీలోనే ఉన్నాను. పాదాలు నేల మీద ఆనించి, పాలరాయి చల్లదనం చూసుకుని మరీ రూఢి చేసుకున్నాను. అక్కడే పప్పులో కాలేశావ్, అన్న మాట వినిపించిందో, వినబోతున్నానో తెలియదు. కానీ దానికి నా జవాబు తయారుగా ఉంది. మంచి జవాబు. బస్సులో గగన్‌పహాడ్ దగ్గర తట్టింది. నాలుక చివర నిలబడి ఉంది. అది అనేస్తే ఆయన ఏమంటాడో, దానికి నేనేమంటానో కూడా తెలుసు. మొదలైతే ఆ వాదన రాత్రి భోజనం దాకా ఆగదు. నా జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది లేదు.

మెట్ల మీద నుంచి ఓనరమ్మ కేకేసింది. "టీచరమ్మా! మీద ఎవరన్న ఉన్నరా?"

నేను ఎదుటి చీకటికేసి చూశాను. చాలాసేపు చూశాను.

"ఎవరూ లేరక్కా," అన్నాను. "నేనొక్కదాన్నే."

ఎదుటి పేము కుర్చీ, బరువు లేచినప్పుడు చేసే చప్పుడు చేసింది. కింద పిల్లాడు మళ్ళీ ఏడుపు అందుకున్నాడు.